టెస్ట్ ఆడని మనిషి క్రికెట్ గురించి ఎలా మాట్లాడతాడు? హర్షా భోగ్లే కథ

ఈరోజు ఎపిసోడ్ బ్యాటర్ గురించి కాదు, బౌలర్ గురించి కాదు. ఒక గొంతు గురించి. ఇంగ్లీష్ కామెంటరీ పెట్టుకుని మ్యాచ్ చూసే అలవాటు మీకుంటే ఈ గొంతు మీరు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నారు. టాస్ దగ్గర, మ్యాచ్ అయ్యాక ప్రైజులిచ్చే దగ్గర, మైక్ పట్టుకుని నవ్వుతూ కనిపించే ఆ మనిషి. హర్షా భోగ్లే.

ముందు ఒక చిన్న సంఘటన చెప్తాను. 2019 నవంబర్, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ఇండియా ఆడుతున్న మొట్టమొదటి డే నైట్ టెస్ట్, పింక్ బాల్‌తో. ఎదురుగా బంగ్లాదేశ్. ఆ మ్యాచ్‌లో బంగ్లాదేశ్ బ్యాటర్లలో ఒకరి తర్వాత ఒకరికి బంతి వచ్చి హెల్మెట్‌కి తగిలింది. ఇద్దరైతే ఆట మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. కామెంటరీ బాక్సులో హర్షా, పక్కన సంజయ్ మంజ్రేకర్. లైట్ల కింద ఈ గులాబీ బంతి సరిగ్గా కనిపిస్తోందా లేదా అని ఆటగాళ్లని అడిగి తెలుసుకోవాలి కదా అని హర్షా అన్నారు. దానికి మంజ్రేకర్ ఇచ్చిన జవాబు సారాంశం ఏంటంటే, నువ్వు అడగాలి, మేం ఆడినవాళ్లం కాబట్టి మాకు చూస్తేనే తెలుస్తుంది అని. లైవ్‌లో, కోట్లమంది వింటుండగా. హర్షా గొంతు పెంచలేదు. ఆడినంత మాత్రాన నేర్చుకోవడం ఆగిపోకూడదు అన్న అర్థంలో ఒక మాట అని, పని కొనసాగించారు. ఆ రోజు అలా అనడం తప్పేనని మంజ్రేకర్ తర్వాత ఒప్పుకున్నారు, అది వేరే విషయం.

కానీ ఆ ప్రశ్న మాత్రం హర్షా కెరీర్ మొత్తం వెంటాడింది. నువ్వు ఆడావా? ఆడకపోతే నీకేం తెలుసు? ఆయన ఇండియాకి ఆడలేదు. రంజీ ట్రోఫీ కూడా ఆడలేదు. మరి నలభై ఏళ్లకు పైగా ఆ కుర్చీలో ఎలా కూర్చున్నారు? ఇదే ఈరోజు టాపిక్.

ఇది మన హైదరాబాద్ కథ కూడా. హర్షా 1961 జులై 19న హైదరాబాద్‌లో పుట్టారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబం. నాన్నగారు ఫ్రెంచ్ ప్రొఫెసర్, అమ్మగారు సైకాలజీ ప్రొఫెసర్. అంటే ఇంట్లో ఇద్దరూ పాఠాలు చెప్పేవాళ్లే. ఎదుటివాడికి అర్థమయ్యేలా మాట్లాడటం ఆ ఇంట్లో వృత్తి. నాకైతే ఇది చిన్న విషయంలా అనిపించదు.

చదువు బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల, అడోబీ శంతను నారాయణ్ చదివిన బడే. తర్వాత ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్. ఆ తర్వాత ఐఐఎం అహ్మదాబాద్. ఈ లైన్ విని మీ ఇంట్లో పెద్దవాళ్లు, ఇంత చదివి కామెంటరీ చెప్పుకోవడం ఏంటి అనొచ్చు. అదే మరి!

ఆయన అసలు బ్యాట్ పట్టని మనిషేం కాదు. హైదరాబాద్ ఎ డివిజన్ లీగ్‌లో ఆడారు. ఉస్మానియా తరఫున యూనివర్సిటీల మధ్య జరిగే రోహింటన్ బారియా ట్రోఫీలో ఆడారు. ఆ రోజుల్లో హైదరాబాద్ లీగ్ అంటే తేలికైనది కాదు. అజారుద్దీన్, అర్షద్ అయూబ్ లాంటివాళ్లు తిరిగిన మైదానాలు అవి. అక్కడ ఆడిన కుర్రాడికి తన ఆట ఎంతదూరం వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో బాగానే తెలిసొస్తుంది.

ఇక రేడియో. చదువుకుంటుండగానే, 19 ఏళ్ల వయసులో, ఆకాశవాణిలో కామెంటరీ మొదలుపెట్టారు. ఫోన్‌లో హైలైట్స్ చూసి పెరిగిన మీకు ఇది ఊహించుకోవడం కొంచెం కష్టం. అప్పట్లో కిరాణా కొట్టు మీద ట్రాన్సిస్టర్ పెడితే చుట్టూ పదిమంది నిలబడి వినేవాళ్లు. కాసేపు ఇంగ్లీష్, కాసేపు హిందీ. హిందీ రాకపోయినా స్కోరు అర్థమయ్యేది. బొమ్మ లేదు కాబట్టి అంతా చెప్పేవాడి నోటిమీదే ఆధారం. బౌలర్ ఎటు నుంచి వస్తున్నాడు, ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడు, బంతి ఎటు పోయింది, గాలి ఎలా ఉంది, స్కోరు ఎంత, అన్నీ మాటల్లోనే కట్టాలి. రెండు సెకన్లు ఆగితే విన్నవాడికి రేడియో పాడైపోయిందేమో అనిపిస్తుంది.

టీవీ దీనికి సరిగ్గా ఉల్టా. బొమ్మ ఎదురుగానే ఉంది. కోహ్లీ కవర్ డ్రైవ్ కొట్టాడని మళ్లీ నువ్వు చెప్పక్కర్లేదు, అందరూ చూశారు. అందుకే టీవీ కామెంటరీకి గురువు లాంటి ఆస్ట్రేలియన్ రిచీ బెనో పెట్టుకున్న రూలు ఒకటుంది. బొమ్మకి నువ్వు ఏదైనా కలపగలిగితేనే మాట్లాడు, లేదంటే ఊరుకో. అన్నట్టు బెనో ఆస్ట్రేలియా కెప్టెన్. ఆయన ముందు సిడ్నీలో పేపర్ రిపోర్టర్, క్రైమ్ వార్తలు రాసేవాడు. ఇంకా ఆటగాడిగా ఉండగానే, 1956లో ఇంగ్లండ్ టూర్ అయ్యాక బీబీసీలో టీవీ ట్రైనింగ్ తీసుకున్నాడు. అంత పెద్ద ప్లేయర్ కూడా, ఆట వేరు, ఆట గురించి చెప్పడం వేరు అని తెలుసుకుని మరీ నేర్చుకున్నాడు. రెండోవైపు ఇంగ్లండ్‌లో జాన్ అర్లాట్. ఆయన ముందు పోలీసు, తర్వాత కవి. ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కానీ ఆయన గొంతు వింటేనే ఇంగ్లండ్ వాళ్లకి వేసవి వచ్చినట్టు ఉండేది.

మనవైపు కూడా ఒకాయన ఉన్నారు. విజయనగరం మహారాజ్‌కుమార్, విజ్జీ. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఇండియా టీమ్ కెప్టెన్. తర్వాతి రోజుల్లో రేడియోలో కామెంటరీ చెప్పారు, 1959లో బీబీసీ కూడా పిలిచింది. ఆ కెప్టెన్సీ ఎలా వచ్చిందో అందరికీ తెలుసు, డబ్బూ, పలుకుబడీ. కాబట్టి ఆడినవాడే మాట్లాడాలి అనే రూలు పెట్టుకుంటే విజ్జీ పాస్ అవుతారు, అర్లాట్ ఫెయిల్ అవుతారు. రూలులోనే ఏదో తేడా ఉందని నాకనిపిస్తుంది.

సరే, హర్షా దగ్గరికి వద్దాం. 1985లో ఐఐఎం అయిపోయింది. అడ్వర్టైజింగ్‌లో ఉద్యోగం. పక్కన క్రికెట్ రాతలు, కామెంటరీ. ఐఐఎంలో తనతో చదివిన అనితని పెళ్లి చేసుకున్నారు. 1988లో స్పోర్ట్స్‌వరల్డ్ పత్రికకి ముంబైలో ఒక స్కూల్ కుర్రాడి మీద వ్యాసం రాశారు. ఆ కుర్రాడి పేరు సచిన్ టెండూల్కర్. అప్పటికి సచిన్ ఇండియాకి ఆడటానికి ఇంకా ఏడాది పైనే ఉంది. తెలివైన కాలమిస్ట్ చేసే పని ఇదే. అందరూ చూశాక రాయడం కాదు, ముందే వెళ్లి చూడటం.

తర్వాత మలుపు 1991-92. ఇండియా ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్లింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ రేడియో ఏబీసీ, హర్షాని తమ కామెంటరీ టీమ్‌లోకి పిలిచింది. ఏబీసీ అలా పిలిచిన మొదటి భారతీయ కామెంటేటర్ ఆయనే. వయసు 30. ఆలోచించండి, వాళ్ల దేశం, వాళ్ల రేడియో, వాళ్ల యాస. శ్రోతలకి ఈయన ఎవరో తెలీదు. హైదరాబాద్ ఇంగ్లీష్‌తో వెళ్లి అక్కడ నిలబడ్డారు. గుర్తుంచుకోండి, ఇండియా టీవీలో స్టార్ అవ్వకముందే ఆస్ట్రేలియా రేడియోలో పేరు తెచ్చుకున్నారు.

ఇప్పుడు ఒక్క నిమిషం క్రికెట్ పక్కన పెట్టి కాస్త కోర్టు విషయం చెప్పుకోవాలి. ఇది అర్థం కాకపోతే మిగతా కథ అర్థం కాదు. 1993 దాకా ఇండియాలో మ్యాచ్ చూపించాలంటే దూరదర్శనే. ఆ ఏడాది ఇంగ్లండ్ టూర్‌కి బోర్డు హక్కుల్ని బయట కంపెనీకి అమ్మింది. అదే ఏడాది హీరో కప్ దగ్గర గొడవ ముదిరి కోర్టుకెళ్లింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదు అని. అంతే, తలుపులు తెరుచుకున్నాయి. ఈఎస్‌పీఎన్ వచ్చింది, స్టార్ వచ్చింది, రెండూ కలిశాయి. ఆ ఛానళ్లకి వెంటనే ఒక మనిషి కావాలి. ఇంగ్లీష్ బాగా రావాలి, కానీ దొర లాగా మాట్లాడకూడదు. గవాస్కర్‌నీ, జెఫ్రీ బాయ్‌కాట్‌నీ పక్కన కూర్చోబెట్టుకుని కథ నడపాలి. హర్షా అప్పటికే పదిహేనేళ్లుగా అదే పని చేస్తున్నారు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిన్న టెక్నికల్ విషయం. కామెంటరీ బాక్సులో రెండు రకాల పనులుంటాయి. ఒకరు ఆటని నడిపించేవాళ్లు. బంతి పడ్డప్పుడు ఏం జరిగిందో చెప్పడం, స్కోరు, బ్రేక్‌కి వెళ్లడం, తిరిగి రావడం, పక్కవాడికి సరైన ప్రశ్న వెయ్యడం. రెండోవారు ఎక్స్‌పర్ట్, సాధారణంగా మాజీ ఆటగాడు. ఆ బంతి ఎందుకు స్వింగ్ అయ్యింది, బ్యాటర్ కాలు ఎందుకు కదల్లేదు, ఇవి ఆయన చెప్తారు. ఈ మొత్తం సేపూ చెవిలో ఇయర్‌ఫోన్, అందులో డైరెక్టర్ గొంతు. రీప్లే వస్తోంది, పది సెకన్లలో బ్రేక్, ఇలా. ఒకపక్క అది వింటూ, ఇంకోపక్క ఏమీ జరగనట్టు నవ్వుతూ మాట్లాడాలి. మీరు ఒకసారి ఫోన్‌లో రెండు వాయిస్ నోట్లు ఒకేసారి పెట్టి వింటూ మూడో మనిషితో మాట్లాడి చూడండి, తెలుస్తుంది.

హర్షాది మొదటి రకం పని. మాజీ ఆటగాడు కాకపోవడం ఆ పనికి లోటు కాదు, నన్నడిగితే లాభం. ఎందుకంటే చూసేవాడికి వచ్చే ప్రశ్నే ఆయనకీ వస్తుంది. ఈడెన్‌లో వేసిన ప్రశ్న కూడా అలాంటిదే కదా.

రాత సంగతి. ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో చాలా ఏళ్లు కాలమ్ రాశారు. వాటిల్లోంచి ఏరినవి 2009లో 'అవుట్ ఆఫ్ ది బాక్స్' అనే పుస్తకంగా వచ్చాయి. టీవీలో అరనిమిషంలో చెప్పలేనివి అక్కడ విడమరిచేవారు. 2011లో అనితతో కలిసి 'ది విన్నింగ్ వే' రాశారు, ఆటల నుంచి ఆఫీసులు ఏం నేర్చుకోవచ్చు అని. మేనేజ్‌మెంట్ చదువు ఊరికే పోలేదన్నమాట. కార్పొరేట్ కంపెనీల్లో ఈ మాటలు బాగా నడిచాయి. నాకు మాత్రం అందులో కొంత చక్కెర ఎక్కువ అనిపిస్తుంది. ఆట అంత నీట్‌గా ఉండదు.

అలాంటి ఒక చేదు ఆయన మొదటి పుస్తకాల్లోనే ఉంది. 1994లో హర్షా అజారుద్దీన్ జీవితచరిత్ర రాశారు, అజర్ అనుమతితోనే. ఒక హైదరాబాదీ ఇంకో హైదరాబాదీ గురించి. అప్పుడు అజర్ ఇండియా కెప్టెన్, మణికట్టు మాంత్రికుడు. ఆరేళ్లకి, 2000 డిసెంబర్‌లో, మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద బోర్డు అజర్‌ని జీవితాంతం నిషేధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి ఆడే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఆటగాళ్లకి దగ్గరగా ఉండి రాసే ప్రతి కాలమిస్ట్‌కీ ఈ గండం ఉంటుంది. దూరంగా ఉంటే లోపలి సంగతి తెలీదు. దగ్గరికి పోతే కళ్లముందున్నది కూడా కనపడకపోవచ్చు.

ఇప్పుడు 2016. ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అసలు కారణం ఇదే.

మార్చి 23, బెంగళూరు, టీ20 వరల్డ్ కప్. ఇండియా, బంగ్లాదేశ్. ఆఖరి మూడు బంతుల్లో బంగ్లాదేశ్‌కి రెండు పరుగులు కావాలి. మూడు బంతులకి మూడు వికెట్లు. ఆఖరి బంతికి ధోనీ గ్లవ్ తీసేసి పరిగెత్తుకొచ్చి చేసిన రనౌట్ మీరు రీల్స్‌లో వందసార్లు చూసుంటారు. ఒక్క పరుగుతో గెలిచాం. ఆ తర్వాత అమితాబ్ బచ్చన్ ఒక ట్వీట్ పెట్టారు. ఇండియన్ కామెంటేటర్ ఎప్పుడూ అవతలివాళ్ల గురించే కాకుండా మనవాళ్ల గురించి కూడా ఎక్కువ మాట్లాడితే బాగుంటుంది అని. పేరు రాయలేదు. ధోనీ దాన్ని షేర్ చేస్తూ, ఇంక కలపడానికేం లేదు అన్నట్టు ఒక ముక్క రాశారు.

హర్షా పొడవుగా సమాధానం రాశారు. అందులో ఉన్న పాయింట్ చాలా సింపుల్. ఒకే మ్యాచ్‌కి రెండు మూడు కామెంటరీలుంటాయి. హిందీ కామెంటరీ ఇండియాలో ఉన్నవాళ్ల కోసం. ఇంగ్లీష్ వరల్డ్ ఫీడ్ మాత్రం అన్ని దేశాలకీ పోతుంది. ఢాకాలో వినే కుర్రాడు కూడా అదే వింటాడు. అక్కడ కూర్చుని మనం, మనవాళ్లు అంటే అది పని కాదు. ఇందులో తప్పేముందో నాకైతే కనపడదు. బంగ్లాదేశ్ బాగా ఆడిన మ్యాచ్‌లో బంగ్లాదేశ్ బాగా ఆడుతోందని చెప్పకపోతే, మనం ఒక్క పరుగుతో గెలవడంలో గొప్ప ఏముంటుంది?

రెండు వారాలు కూడా గడిచాయో లేదో, ఏప్రిల్‌లో, ఐపీఎల్ మొదలవ్వబోయే ముందు, హర్షా కామెంటరీ టీమ్‌లో లేరని తెలిసింది. ఐపీఎల్ పుట్టినప్పటి నుంచి వినిపిస్తున్న గొంతు. కారణం బోర్డు బయటికి చెప్పలేదు. పేపర్లలో రకరకాల కథనాలొచ్చాయి. ఆటగాళ్లు ఫిర్యాదు చేశారని ఒకటి, అధికారితో గొడవని ఇంకోటి. ఏదీ రుజువవ్వలేదు. ఎందుకు తీసేశారో తనకి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదని హర్షా ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. నేను నచ్చకపోతే సరే, ఆటగాళ్లు ఫిర్యాదు చేయడం వల్ల మాత్రం కాకూడదని కోరుకుంటున్నా అన్నట్టుగా.

ఒక్క ట్వీట్‌కి ఉద్యోగం పోయిందని నేను చెప్పట్లేదు. అది ఎవరికీ తెలీదు. తెలిసింది ఏంటంటే, ఇండియాలో జరిగే మ్యాచ్‌ల ప్రసారం తయారుచేసేది బోర్డే, కామెంటేటర్లతో కాంట్రాక్ట్ రాసుకునేదీ బోర్డే. అంటే ఏ ఆట గురించి నువ్వు నిజం చెప్పాలో ఆ ఆటని నడిపేవాళ్లే నీకు జీతమిస్తారు. 2013లో ఆస్ట్రేలియా ఇండియాకి వచ్చినప్పుడు ఇయాన్ చాపెల్ ఈ పని వద్దన్నారు. సెలెక్షన్ గురించి, బోర్డు గురించి, డీఆర్‌ఎస్ గురించి మాట్లాడకూడదనే షరతులకి ఆయన ఒప్పుకోలేదు. చాపెల్‌కి వేరే దారులున్నాయి. అందరికీ ఉండవు. ఇక 2020 మార్చిలో ఎవర్ని ప్యానెల్ నుంచి తప్పించారో తెలుసా? సంజయ్ మంజ్రేకర్‌ని. టెస్టులు ఆడిన మనిషే. ఆ కుర్చీ దగ్గర ఆడినా ఒకటే, ఆడకపోయినా ఒకటే.

హర్షా తర్వాత మెల్లగా తిరిగొచ్చారు. 2019 వరల్డ్ కప్ కామెంటరీలో ఉన్నారు, ఐపీఎల్‌కీ వచ్చారు. ఈలోపు క్రిక్‌బజ్‌లో, యూట్యూబ్‌లో కొత్త తరం ఆయనకి దొరికింది. మీలో చాలామంది ఆయన్ని టీవీలో కంటే ఫోన్‌లోనే ఎక్కువ చూసుంటారు. 2022 మార్చిలో ఒక లైవ్ ఇంటర్వ్యూలో ఏదో దాడి జరిగినట్టు ఆయన ఫోన్ కిందపడి, మాయమైపోయారు, గుర్తుందా? కాసేపు అందరూ కంగారుపడ్డారు. తీరా చూస్తే ప్రచారం కోసం చేసిన డ్రామా. ఆయన సారీ చెప్పారు. నలభై ఏళ్లు సంపాదించుకున్న నమ్మకాన్ని అలాంటి పనికి వాడటం నాకు అస్సలు నచ్చలేదు.

2025 ఐపీఎల్‌లో మళ్లీ ఒక గొడవ. సొంత మైదానంలో సొంత జట్టు బౌలర్లకి పనికొచ్చే పిచ్ ఉండాలి కదా అని, ఈడెన్ పిచ్ గురించి హర్షా, సైమన్ డూల్ విడివిడిగా మాట్లాడారు. వాళ్లిద్దరికీ ఈడెన్ మ్యాచ్‌లు ఇవ్వొద్దని బెంగాల్ క్రికెట్ సంఘం బోర్డుకి లెటర్ రాసిందని వార్తలొచ్చాయి. తర్వాత కోల్‌కతా మ్యాచ్‌లో హర్షా కనపడకపోయేసరికి సోషల్ మీడియా మొదలెట్టింది. ఆ మ్యాచ్ అసలు తన లిస్టులోనే లేదని ఆయనే క్లారిటీ ఇచ్చుకోవాల్సొచ్చింది. ఒక పిచ్ మీద ఒక అభిప్రాయం, అంతే. అరవై దాటిన మనిషి, ఈ రంగంలో అందరికంటే సీనియర్లలో ఒకరు. ఆయనకే ఇలా ఉంటే కొత్తగా వచ్చినవాడు ఎంత ఆచితూచి మాట్లాడతాడో మీరే ఊహించుకోండి.

తెలుగు సంగతి కూడా ఒక మాట. 2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక మనకీ ఈ రంగం తెరుచుకుంది. వేణుగోపాల రావు లాంటి మాజీ ఆటగాళ్లు వచ్చారు, పక్కన ఆడని యాంకర్లూ వచ్చారు. మీమ్స్ బాగానే వేసుకుంటున్నాం వాళ్లమీద. కానీ ఈసారి చూసేటప్పుడు ఒక పని చెయ్యండి. ఒక ఓవర్ పాటు స్క్రీన్ వైపు చూడకుండా వినండి. ఆటని నడుపుతున్నది ఎవరో, ఎక్స్‌పర్ట్ ఎవరో పట్టుకోండి. మనవాడు క్యాచ్ వదిలేసినప్పుడు వదిలేశాడని సూటిగా చెప్పారా, మాట దాటేశారా, అది కూడా గమనించండి. వచ్చే ఎపిసోడ్‌లో స్టంప్ మైక్ గురించి, అంపైర్ చెవిలో ఏం వినిపిస్తుందో దాని గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.